పశ్చిమ ప్రకాశంలో ఇళ్ళ శీతలీకరణ

పశ్చిమ ప్రకాశంలో ఇళ్ళ శీతలీకరణ అనగా మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం, తర్లుపాడు పరిసరాలలోని ఇళ్ళలో వేసవి తాపాన్ని తగ్గించుకొనడానికి చేసుకొనే ఏర్పాట్లు, వాటి నిర్వహణ, వాటిలో చేసుకొనదగిన మార్పులు. శీతల దేశాలలో ఇంటిని చలికాలంలో వెచ్చగాను, వేసవిలో చల్లగాను ఉంచడానికి ఉమ్మడి యంత్ర వ్యవస్థలు ఉంటాయి. ఈ ప్రాంతంలో గదులను వెచ్చబరచవలసిన అవసరం దాదాపు లేదు. స్నానానికి నీళ్ళు కాచుకొంటే సరిపోతుంది. వేసవి మాత్రం దీర్ఘమైనది, తీవ్రమైనది.

ఈ ప్రాంతపు ఎండ పొడి ఎండ. పొడి గాలిని చల్లబరచడానికి నీటిని ఆవిరి చేసే ఎయిర్ కూలర్ అన్నిటికంటె చౌకయైన సాధనం. అయితే ఇక్కడ వేసవిలో కొరతపడేది కూడ నీరే. దొరికే బోరు నీటిలో లవణాలు అధికం. అందువలన ఇక్కడ ఇంటి చల్లదనాన్ని కరెంటు బిల్లుతో మాత్రమే కాక నీటి లెక్కతో కూడ చూడవలసి ఉంటుంది.

ప్రాంతము, వాతావరణము

మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ సంవత్సరం ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినపుడు అందులో చేరినవి. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. పడమట నల్లమల కొండలు, మధ్యలో గుండ్లకమ్మ నది, కంభం చెరువు ఈ ప్రాంతానికి గుర్తులు. సముద్రపు గాలి ఒంగోలు వైపు చేరినంతగా ఇక్కడికి చేరదు. ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సాధారణం. మధ్యాహ్నం వేళ గాలిలో తేమ 20-30 శాతానికి దిగే రోజులు ఉంటాయి. నైరుతి ఋతుపవనాలు వచ్చిన తరువాత ఎండ కొంత తగ్గినా తేమ పెరుగుతుంది. ఒకే సాధనం ఈ రెండు కాలాలకు సమానంగా పనిచేయదు.

భూగర్భ జలాలు లోతున ఉండడం, వాటిలో ఫ్లోరైడు, కఠినత్వం ఎక్కువగా ఉండడం ఈ ప్రాంతపు చిరకాల సమస్య. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు ద్వారా శ్రీశైలం జలాశయపు నీటిని సొరంగాల గుండా ఇటువైపు తెచ్చే ప్రయత్నానికి ఈ సమస్యయే మూలం. వేసవిలో ట్యాంకరు నీళ్ళు కొనుక్కొనే వీధులు మార్కాపురం వంటి పట్టణాలలోనూ ఉన్నాయి.

పాత మిద్దెలు

కర్నూలు, కడప సీమలలో వలెనే ఇక్కడ కూడ పాత ఇళ్ళు ఎక్కువగా మట్టి మిద్దెలు. గోడలు రాతివి, మందమైనవి. గోడలపై దూలాలు, దంతెలు వేసి, వాటిపై చెక్కలు గాని రాతి బండలు గాని పరచి, ఆపైన మట్టి దట్టంగా పోసి, అన్నిటికంటె పైన చౌడు మట్టి పరచేవారు. వాన పడినపుడు చౌడు మట్టి బిగిసికొని నీటిని క్రిందికి దిగనీయదు. వెలుతురుకు, పొగ పోవడానికి కప్పులో గవాక్షం (వాడుకలో గవాచి) ఉంచేవారు. రాత్రివేళ వేడిగాలి ఆ మార్గముననే పైకి పోయేది.

మట్టి మందంగా ఉన్న కొద్దీ వేడి నెమ్మదిగా దిగుతుంది. అడుగు మందమున్న మట్టి కప్పు పైన మధ్యాహ్నం పడిన ఎండ లోపలికి చేరేసరికి ఎనిమిది, పది గంటలు పట్టవచ్చును. అప్పటికి బయట చల్లబడి ఉంటుంది, తలుపులు తెరచి ఆరుబయట పడుకొనే వేళ అవుతుంది. నాలుగైదు అంగుళాల సిమెంటు కాంక్రీటు స్లాబులో ఇదే వేడి మూడు, నాలుగు గంటలలో దిగుతుంది. మధ్యాహ్నం రెండు గంటల ఎండ సాయంకాలానికి లోపలికి వచ్చి, మనుషులు నిద్రించే వేళ వరకు గదిలోనికి వెలువడుతూనే ఉంటుంది. రాత్రి పది గంటలకు ఫ్యానునుండి వేడిగాలి వస్తున్నదని చెప్పుకొనడానికి కారణం ఫ్యాను కాదు, దానిపైన ఉన్న స్లాబు.

మట్టి మిద్దెలకు తిరిగి పోవలెనని చెప్పడం తేలిక. ప్రతి యేటా వానలకు ముందు చౌడు మట్టి పరచవలెను, పెద్ద వానలకు కారుతుంది, బరువుకు దూలం విరిగితే ప్రాణాపాయం. కలప ధర, పనివారి కొరత వలన జనం స్లాబుకు మారడం సహేతుకమే. స్లాబు వేసుకొన్నవారు దానిని ఎండనుండి కాపాడడం మరచిపోవడమే లోపం.

పైకప్పు చికిత్స

ఒక అంతస్తు ఇంటిలో లోపలికి వచ్చే వేడిలో పెద్ద భాగం పైకప్పు నుండి వస్తుంది. కనుక కూలరుగాని, ఏ.సి. గాని కొనడానికి ముందు పైకప్పును సరిచేయడం న్యాయం. ఆ పని తరువాత చిన్న యంత్రమే సరిపోతుంది.

అన్నిటికంటె చౌకయైన పద్ధతి సున్నం. కొత్తగా వేసిన తెల్ల సున్నం తనపై పడిన ఎండలో మూడింట రెండు వంతులకు పైగా తిప్పికొడుతుంది. మురికిపట్టిన కాంక్రీటు అందులో సగం కూడ తిప్పికొట్టదు. మండుటెండలో ఈ రెంటి ఉపరితలాల మధ్య పది, పదిహేను డిగ్రీల తేడా రావడం సాధారణం. సున్నాన్ని ముందురోజు నానబెట్టి, వడగట్టి, పట్టు నిలవడానికి జిగురు కలిపి, కడిగి తడిపిన స్లాబుపై రెండు పూతలు వేస్తారు. ఫాల్గుణ మాసంలో, ఉగాదికి ముందు వేస్తే వేసవి పొడుగునా పనిచేస్తుంది. వానలకు చాలావరకు కొట్టుకొనిపోతుంది గనుక యేటేటా వేయవలసినదే. సున్నం కంటిలో పడితే చూపుకే ప్రమాదం, పనివారికి కళ్ళద్దాలు తప్పనిసరి. మార్కెట్టులో దొరికే కూల్ రూఫ్ రంగులు నాలుగైదేళ్ళు నిలుస్తాయి, ఖర్చు ఎక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ఇటువంటి కప్పుల ప్రోత్సాహానికే కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. తెల్ల పెంకు ముక్కలు అతికించడం, మట్టికుండలు బోర్లించి పైన గచ్చు చేయడం కూడ వాడుకలో ఉన్న పద్ధతులే. కుండల పద్ధతిలో లోపలి గాలి వేడిని అడ్డుకొంటుంది.

మార్కాపురం బడిపిల్లల పలకలకు పేరు పొందిన ఊరు. ఇక్కడి పలకరాయి ఇళ్ళ గోడలకు, నేలకు కూడ వాడబడుతూ విదేశాలకు ఎగుమతి అవుతున్నది. ఊరి రాయి అనే అభిమానంతో దానిని మేడపైన పరచడం మాత్రం తగదు. నల్లని పలక ఎండనంతా పీల్చుకొంటుంది. నేలకు, నీడపట్టున ఉండే గోడకు అది చక్కగా ఉంటుంది.

పూర్వం వేసవి రాగానే వాకిట తాటాకుతో చలువ పందిరి వేసేవారు. మేడపైన కర్రలు నాటి ఆకుపచ్చ నీడవల కట్టడం దానికి నేటి రూపం. వలకు, స్లాబుకు మధ్య గాలి ఆడేటట్లు ఆరేడు అడుగుల ఎత్తు ఉంచవలెను. స్లాబును తాకేటట్లు కప్పితే ప్రయోజనం చాలా తగ్గుతుంది. నల్లమల వైపునుండి వచ్చే ఈదురుగాలులకు వల ఎగిరిపోకుండ గట్టిగా కట్టవలసి ఉంటుంది.

ఎయిర్ కూలర్

ఎయిర్ కూలర్‌కు ముందు తరం వట్టివేళ్ళ తడిక. కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చల్లుతుంటే లోపలికి వచ్చే గాలి చల్లబడి సువాసన కూడ ఇస్తుంది. కూలరులో ఇదే పనిని పంపు, ఫ్యాను చేస్తాయి. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కిలో కేలరీల వేడి కావలెను. ఆ వేడిని నీరు గాలినుండి తీసికొంటుంది, గాలి చల్లబడుతుంది.

గాలి ఎంతవరకు చల్లబడగలదు అనేది దానిలోని తేమపై ఆధారపడి ఉంటుంది. 42 డిగ్రీల ఎండలో 20 శాతం తేమ ఉన్నపుడు నీటితో చేరగల కనిష్ఠ ఉష్ణోగ్రత సుమారు 24 డిగ్రీలు. మంచి కూలరు ఈ తేడాలో నాలుగింట మూడు వంతులు సాధిస్తుంది, అనగా 28-29 డిగ్రీల గాలి వస్తుంది. 13 డిగ్రీల తగ్గుదల ఇది. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో 34 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న రోజున అదే కూలరు ఐదు డిగ్రీలు మాత్రమే తగ్గించగలదు, పైగా గదిలో ఉక్క పెంచుతుంది. కూలరు చెడిపోయినదని మరమ్మతు చేసేవారిని పిలిపించే ఇళ్ళలో చాలాచోట్ల చెడినది కూలరు కాదు, మారినది ఋతువు. ఆ కాలంలో పంపు ఆపి ఫ్యాను మాత్రమే వాడుకొనవలెను.

కూలరు గది లోపల కాక కిటికీ బయట, నీడపట్టున ఉండవలెను. ఎదుటి వైపు కిటికీగాని తలుపుగాని కొంత తెరచి ఉంచవలెను. చల్లదనం పోతుందని అన్నీ బిగించడం చాలా ఇళ్ళలో కనబడే పొరపాటు. తడిసిన గాలి బయటికి పోయే దారి లేకపోతే గంట గడిచేసరికి గది ఆవిరి కుండ అవుతుంది.

నీటి ఖర్చు

గదికి సరిపడే కూలరు మే నెలలో గంటకు సుమారు 10 నుండి 20 లీటర్ల నీరు త్రాగుతుంది. రోజుకు పది గంటలు నడిపితే సగటున 150 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు కొనుక్కొనే ఇంటిలో ఒక్క కూలరుకే నెలకు దాదాపు ఒక ట్యాంకరు ఖర్చవుతుంది. విద్యుత్తు మాత్రం 150-200 వాట్లే, అనగా పది గంటలకు రెండు యూనిట్ల లోపు. కరెంటు పోయినపుడు ఇంటి ఇన్వర్టరు బ్యాటరీ మీద కొన్ని కూలర్లు నడుస్తాయి, ఏ.సి. సాధారణంగా నడవదు. ఇవి రెండూ కూలరుకు అనుకూలమైన విషయాలు.

ఉప్పు పేరుకొనుట

నీరు ఆవిరి అవుతుంది, నీటిలోని లవణాలు ఆవిరి కావు. ఈ ఒక్క సూత్రం తెలిసికొంటే కూలరు నిర్వహణ సగం తెలిసినట్లే. ఉదాహరణకు లీటరుకు ఒక గ్రాము లవణాలున్న బోరు నీరు, 60 లీటర్ల తొట్టి అనుకొందాము. రోజుకు 150 లీటర్లు ఆవిరవుతూ, తొట్టి మరల నిండుతూ ఉంటే, మొదటిరోజు చివరకు తొట్టిలో 210 గ్రాముల లవణాలు చేరుతాయి. అనగా నీరు మూడున్నర రెట్లు ఉప్పనవుతుంది. మూడవరోజుకు ఎనిమిదిన్నర రెట్లు. పదిరోజులు తీయకుండ ఉంచితే లెక్క ప్రకారం లీటరుకు 26 గ్రాములు చేరవలెను. సముద్రపు నీటిలో ఉన్నది సుమారు 35 గ్రాములు. వాస్తవంగా అంతా నీటిలో కరగి ఉండదు, ఎక్కువభాగం తెల్లని పెచ్చులుగా గడ్డి మీద, పంపులో, రేకుల మీద పేరుకొంటుంది. ఇక్కడి కూలర్ల ఇనుప అడుగులు రెండు, మూడు వేసవులకే చిల్లులు పడడానికి కారణం ఇదే.

నివారణ ఒక్కటే. రెండు రోజులకు ఒకసారి తొట్టిని పూర్తిగా ఖాళీచేసి కొత్త నీరు నింపవలెను. నీటి కరవులో ఇది దుబారాగా తోచవచ్చును గాని, తీసిన నీటిని మరుగుదొడ్డికి, వాకిలి చల్లడానికి వాడుకొనవచ్చును. పశువులకు, కోళ్ళకు మాత్రం పోయరాదు. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం. అసలే దానికి దగ్గరగా గాని, దాటి గాని ఉన్న నీరు తొట్టిలో ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడు గాలిలోనికి ఆవిరిగా రాదు గనుక కూలరు గాలి వలన ఆ భయం లేదు.

ఇంటి నీటిశుద్ధి యంత్రం (ఆర్.ఓ.) వదలివేసే నీటిని పొదుపు కొరకు కూలరులో పోయడం ఈ మధ్య వ్యాపించిన అలవాటు. ఆ నీటిలో బోరు నీటికంటె ఉప్పు ఎక్కువ. అది మరుగుదొడ్డికి తగినది, కూలరుకు తగదు. వాననీరు నిలువచేసుకొన్న ఇళ్ళలో దానిని కూలరుకు వాడితే పెచ్చులు దాదాపు కట్టవు.

ప్యాడ్లు, పంపు

కూలరు గడ్డి చౌక, యేటేటా మార్చవలెను. కాగితపు తేనెపట్టు ప్యాడ్లు ఖరీదైనా రెండు, మూడేళ్ళు వస్తాయి, గాలిని ఎక్కువ చల్లబరుస్తాయి. పాత కూలరులో చేసుకొనదగిన మెరుగుదలలలో ఇది మొదటిది. కాని కఠిన జలంలో, తొట్టి మార్చే అలవాటు లేని ఇంటిలో తేనెపట్టు రంధ్రాలు ఒక్క వేసవిలోనే మూసికొనిపోతాయి, పెట్టిన డబ్బు వృథా. అటువంటి ఇంటికి గడ్డియే నయం. పెచ్చులు కట్టిన పంపును నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో గంటసేపు ఉంచి కడిగితే మరల పనిచేస్తుంది. రాత్రి ఆపే ముందు పంపు మొదట ఆపి, ఫ్యానును పావుగంట నడిపితే ప్యాడ్లు ఆరి నీచు వాసన రాదు.

వేసవి ముగియగానే నీరు తీసి, తుడిచి, ఎండబెట్టి, లోపలి రేకులకు రంగు వేసి కప్పి ఉంచవలెను. జూన్‌లో నీటితో వదలివేసిన కూలరు డెంగీ దోమకు నిలయం. ఆ దోమ గ్రుడ్లు తొట్టి గోడలకు అంటుకొని, నీరు లేకపోయినా నెలల తరబడి బ్రతికి ఉంటాయి. గ్రుడ్డు దోమ కావడానికి వారం, పదిరోజులు చాలు. అందుచేత వారానికి ఒకసారి నీరు పారబోయడమే కాక గోడలను పీచుతో రుద్ది కడగవలెను.

విద్యుత్ భద్రత

ఇనుప కూలరు, నీరు, తడి నేల, చెప్పులు లేని కాళ్ళు. ఈ నాలుగు కలిసిన చోట షాకు ప్రాణాంతకం. ప్రతి వేసవిలో కూలరు షాకు మరణాల వార్తలు తెలుగు పత్రికలలో కనబడుతూనే ఉంటాయి. నీరు పోసే ముందు స్విచ్చి ఆపడం చాలదు, ప్లగ్గు తీసివేయవలెను. పిల్లలు రేకును తాకేటట్లు ఉంచరాదు. మూడు పిన్నుల ప్లగ్గులో మూడవ తీగ నిజంగా భూమికి చేరుతున్నదో లేదో ఎలక్ట్రీషియనుచే పరీక్ష చేయించవలెను.

ఈ చివరి విషయం ఇక్కడ మరీ ముఖ్యం. మార్కాపురం, తర్లుపాడు వైపు నేలలో కొద్ది అడుగుల క్రిందనే పలకరాయి. రాతినేలలో, అందునా ఎండిన మే నెలలో, ఎర్తు గుంట సరిగా పనిచేయదు. కూలరు ఎక్కువగా వాడే కాలంలోనే రక్షణ తగ్గుతుందన్నమాట. గుంటలో బొగ్గు, ఉప్పు నింపి వేసవిలో రెండు, మూడు రోజులకు ఒక బిందె నీరు పోయడం పాత పద్ధతి, నేటికీ మంచిదే. దానికి తోడు మీటరు పెట్టె వద్ద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకొంటే కరెంటు దారి తప్పిన క్షణంలోనే అది సరఫరాను నిలిపివేస్తుంది. కొత్త కూలరు కొనేవారు ప్లాస్టిక్ డొల్ల ఉన్నది ఎన్నుకొనడం మేలు. తుప్పు, షాకు రెండు బాధలూ తగ్గుతాయి.

ఎయిర్ కండిషనర్

ఏ.సి.కి నీరు అవసరం లేదు. ట్యాంకరు నీళ్ళ మీద బ్రతికే వీధిలో ఇది చిన్న విషయం కాదు. తేమ కాలంలో కూడ పనిచేస్తుంది. అయితే టన్నున్నర ఏ.సి. ఒక రాత్రికి ఏడు నుండి పది యూనిట్లు ఖర్చుచేస్తుంది. ఇంటిలో వృద్ధులు, పసిపిల్లలు, రోగులు ఉన్నపుడు ఒక గదికి ఏ.సి., మిగిలిన ఇంటికి కూలరు అనే ఏర్పాటు సమంజసం.

భారతదేశంలో విద్యుత్ ఉపకరణాలకు నక్షత్రాల ముద్ర 2006లో మొదలయినది, గది ఏ.సి.లకు 2010 నుండి తప్పనిసరి అయినది. ఈ ప్రమాణాలు కాలానుగుణంగా కఠినమవుతాయి గనుక పాత ఐదు నక్షత్రాలు, కొత్త ఐదు నక్షత్రాలు సమానం కావు. ముద్రపై ఉన్న సంవత్సరం చూడవలెను. 2020 జనవరి నుండి ఏ.సి.లు 24 డిగ్రీల వద్ద ఆరంభమయ్యేటట్లు తయారవుతున్నవి. ఆ అంకెను 18కి తగ్గిస్తే గది త్వరగా చల్లబడుతుందనే నమ్మకానికి, ముఖ్యంగా పాత రకం ఏ.సి.లలో, ఆధారం లేదు. పాత ఏ.సి.లలోని ఆర్-22 వాయువు ఓజోను పొరకు హాని చేస్తుంది, మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దానిని క్రమంగా తొలగిస్తున్నారు. ఆ వాయువు పదేపదే కారుతున్న పాత యంత్రానికి గ్యాసు నింపిస్తూ పోవడంకంటె మార్చుకొనడం లాభం. కొత్త వాటిలో ఉండే ఆర్-32కి కొంత మండే గుణం ఉన్నది, దానిని శిక్షణ పొందినవారే నింపవలెను.

నిర్వహణలో మొదటిది ధూళి. పలకల కర్మాగారాల దగ్గర, క్వారీ లారీలు తిరిగే దారులలో సన్నని రాతిపొడి గాలిలో ఉంటుంది. అటువంటిచోట లోపలి జల్లెడను వారానికి ఒకసారి, మిగిలినచోట్ల రెండు వారాలకు ఒకసారి కడగవలెను. బయటి యంత్రాన్ని పడమటి ఎండలో, స్లాబును ఆనించి పెట్టడం సర్వత్రా కనబడే లోపం. దానికి నీడ కల్పించవలెను, కాని వేడిగాలి వెళ్ళే దారిని మూయరాదు. వోల్టేజి హెచ్చుతగ్గులున్న పల్లెలలో స్టెబిలైజరు అవసరం. ఏ.సి. నుండి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు గనుక దానిని కూలరు తొట్టిలో పోయవచ్చును. అయితే పొడి వేసవిలో ఆ నీరు కొద్దిగానే వస్తుంది.

ఇక ఫ్యాన్లు. పాత సీలింగు ఫ్యాను 75 వాట్లు తీసికొంటే బి.ఎల్.డి.సి. రకం 30-35 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. ఇన్వర్టరు మీద రెట్టింపు సేపు తిరుగుతుంది. సీలింగు ఫ్యాన్లకు కూడ నక్షత్రాల ముద్ర 2023 జనవరి నుండి తప్పనిసరి.

వేడినీటి ఏర్పాట్లు

చలికాలంలో, ముఖ్యంగా గిద్దలూరు వైపు కొండల దగ్గరి ఊళ్ళలో, తెల్లవారుజామున వేడినీళ్ళు కావలెను. పూర్వం పెరటిలో రాళ్ళపొయ్యి మీద రాగి కాగు ఉండేది. కాగు లోపల కట్టిన పెచ్చును చింతపండుతో నానబెట్టి తోమేవారు. చింతపండులోని ఆమ్లం ఆ సున్నపు పొరను కరగిస్తుంది.

గీజరులో పేరుకొనేదీ ఆ పెచ్చే, కాని కంటికి కనబడదు. వేడిచేసే కడ్డీ చుట్టూ పెచ్చు దళసరి కాగా వేడి నీటికి చేరక కడ్డీ తానే కాలిపోతుంది. నీటి వేడి పెరిగిన కొద్దీ పెచ్చు త్వరగా కడుతుంది గనుక గీజరును 55-60 డిగ్రీలకు మించకుండ ఉంచుకొనవలెను. తొట్టి లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. నీటిలోని లవణాలు ఇనుప తొట్టిని తినకుండ అది తాను కరగుతుంది. ఈ ప్రాంతపు నీటికి దానిని యేడాదికి ఒకసారి తీసి చూచి, అరగినచో మార్చవలెను. మార్చినందుకయ్యే కొద్ది ఖర్చుతో గీజరు ఆయుష్షు పెరుగుతుంది. ఆవిరి ఒత్తిడిని వదిలే సేఫ్టీ వాల్వు నుండి బొట్లు కారుతున్నవని దానిని బిగించి మూసివేయడం అత్యంత ప్రమాదకరం.

బకెట్టులో వేసే హీటరు కడ్డీని ప్లాస్టిక్ బకెట్టులో, నీరు పోసిన తరువాతనే పెట్టి, ప్లగ్గు తీసిన తరువాతనే నీటిలో చేయి పెట్టవలెను. సూర్యరశ్మి పుష్కలమైన ఈ సీమకు సౌర హీటరు తగినదే గాని, గాజు గొట్టాలలోనికి నేరుగా బోరు నీరు పోయే రకంలో రెండు, మూడేళ్ళకే పెచ్చు నిండుతుంది. ఇంటి నీరు కఠినమైతే, వేడెక్కే ద్రవం, స్నానపు నీరు విడివిడిగా ఉండే రకాన్ని అడిగి తీసికొనవలెను.